మా కాంపౌండర్ సాబ్ వద్దన్న గోలీలు

మంగళవారం తెల్లవారుజామున మా కాంపౌండర్ సాబ్ పోయారు. ఆ సంగతి నాకు పాలు పోసే ఆమె చెప్పింది. "డాక్టర్ సాబ్, మీకు ఎరుకలేదా? మన కాంపౌండర్ సాబ్ పోయిండు గదా!" అని, చెంబులో పాలు పోయడం కూడా మరిచిపోయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పదిహేనేళ్లు ఒకే కప్పు కింద నాతో పనిచేసిన మనిషి పోతే, ఊరంతటికీ తెలిశాక నాకు తెలిసింది. దాచుకోవడం ఎందుకు, ముందు నాకు వచ్చింది దుఃఖం కాదు, రోషం. ఆయన ఇంటికి పరుగెత్తాక తెలిసింది. ఛాతీలో నొప్పి అంటే ఇంట్లోవాళ్లు నాకోసం మనిషిని పంపబోయారట. "సాబును లేపకుండ్రి, నిన్నంత తిరిగి తిరిగి అలిసిపోయిండు" అని ఆయనే ఆపారట. పోతూ పోతూ కూడా నాకంటే మంచివాడనిపించుకునే పోయారు.

ఈ నాలుగు మాటలు రాయమని అడిగినవాళ్లు నేను ఆయన్ని పొగుడుతానని అనుకున్నారు. పొగుడుతాను. కానీ ముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన బతికుండగా ఆయన్ని చూసి నేను ఏడ్చిన ఏడుపు మెదక్‌లో ఇంకెవరూ ఏడ్చి ఉండరు. ఆయన పోయారని ఇప్పుడు ఏడుస్తున్నది దాంట్లో నాలుగో వంతు కూడా ఉండదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నాలుగైదేళ్లకు నేను మా అమ్మను వెంటబెట్టుకుని మెదక్ వచ్చాను. నాన్న అప్పటికే లేరు. ఇక్కడి పాత డాక్టర్ గారు హైదరాబాద్‌లో స్థిరపడుతూ తన దవాఖానను నాకు అప్పగించారు. బల్ల, బీరువా, తూకం, మందుల సీసాలు, వాటితో పాటు కాంపౌండర్. "ఈయనను జాగ్రత్తగ చూసుకో" అన్నారు. ఎవరు ఎవరిని చూసుకోవాలో నాకు అర్థం కావడానికి వారం కూడా పట్టలేదు.

చర్చి వెనక ఇళ్లలో పుట్టి పెరిగిన మనిషి. చిన్నతనంలో ఒక దొరసాని డాక్టరమ్మ దగ్గర మందులు కలపడం నేర్చుకున్నారట. తెల్ల చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, చెవి వెనక పెన్సిలు. నా గదికీ ఆయన గదికీ మధ్య ఒక చిన్న చెక్క కిటికీ ఉండేది. నేను చీటీ రాసి అందులోంచి ఇస్తే ఆయన మందు కలిపి, బయట వరండాలోకి తెరుచుకునే ఇంకో కిటికీలోంచి రోగికి ఇచ్చేవారు. జనం నాకు నాలుక చూపించి, నాడి చూపించి, బయటకు పోయి ఆ కిటికీ దగ్గర నోరు విప్పేవారు. నా ఎదుట "తలకాయ నొస్తుంది సాబ్" అన్న ఆడమనిషి, అక్కడికి పోయాక అసలు తలకాయ ఎందుకు నొస్తుందో, అత్త ఏమన్నదో, తాగొచ్చిన మొగుడు ఏం చేశాడో అంతా చెప్పేది. ఆ మాటలు నాకు సగం సగం వినబడేవి. చదువు నాది, బోర్డు మీద పేరు నాది, వాళ్ల నిజాలు మాత్రం ఆయనవి.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఆ రోజుల్లో మందంటే సీసాలో మిక్శ్చరే. కాగితపు పట్టీని మడిచి, కత్తెరతో అంచున గాట్లు పెట్టి సీసాకు అంటించేవారు. ఒక్కో గాటు ఒక్కో మోతాదు. అది అందరు కాంపౌండర్లూ చేసేదే. ఈయన మాత్రం అన్నిటికంటే కింది గాటు దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీసేవారు. అక్కడికి రాగానే తాగడం ఆపాలి. ఆ ఒక్క మోతాదు మిగిల్చి సీసా పట్టుకుని కిటికీ దగ్గరికి రావాలి. నిద్ర పడుతోందా, నోరు చేదవుతోందా, కాళ్లు గుంజుతున్నాయా, విరేచనం ఎట్లా అవుతోంది, అన్నీ అడిగి, తల ఊపి, అప్పుడు "ఇగ తాగు" అనేవారు. ఆ చివరి మోతాదు ఆయన ఎదుటే తాగాలి.

"అదంతా దేనికండీ? తగ్గకపోతే వాళ్లే వస్తారుగా" అన్నాను ఒకసారి.

"తగ్గనోడు ఒస్తడు సాబ్. మందుతోటి కొత్త రోగం వట్టినోడు మాత్రం రాడు. గది గూడ తన కర్మనే అనుకుంటడు. మందు ఏం జేసిందో చీటీ రాసినోనికి ఎరుకుండది, కలిపినోనికి ఎరుకుండది. మింగినోన్నే అడగాలె."

చీటీ రాసేవాణ్ని నేనే కదా! ఆ మాట నన్నే అన్నారని మూడు రోజులు మొహం మాడ్చుకుని తిరిగాను. ఆయనకు ఆ సంగతే తెలియదు.

బయటివాళ్ల సంగతి సరే. మా అమ్మ కూడా ఆయన పార్టీలోనే చేరిపోయింది. దవాఖాన వెనకే మా ఇల్లు. మధ్యాహ్నం అన్నం వేళకు అమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని ఆ కిటికీ దగ్గరికి పోయేది. "తమ్మీ" అనేది ఆయన్ని. ఆయన "అక్కా" అనేవారు. ఆ లెక్కన నాకు మేనమామ అవుతారు. ఆ వరస నేను చచ్చినా కలపలేదు. అమ్మ మోకాళ్ల నొప్పి, అమ్మ ఆకలి, అమ్మకు వచ్చిన కలలు, అన్నీ ముందు ఆయనకే తెలిసేవి. కన్న కొడుకు డాక్టరై పక్కగదిలో కూర్చుంటే కాంపౌండర్‌కు చెప్పుకునే తల్లిని మీరెక్కడైనా చూశారా? అడిగితే, "నువ్వు బిజీగుంటవు గదా బిడ్డా" అనేది. ఎదుట ఒక్క రోగి లేక ఈగలు తోలుకుంటున్న రోజు కూడా అదే మాట.

ఇట్లా ఉడికిపోతున్న రోజుల్లోనే మా ఊరికి కొలెస్ట్రాల్ వచ్చింది.

అది నర్సాపూర్ మీదుగా వచ్చే హైదరాబాద్ బస్సులో, మెడకు టై కట్టుకున్న ఒక మెడికల్ రిప్రజెంటేటివ్ సంచిలో దిగింది. అంతకు ముందు మా ఊళ్లో ఎవరికీ ఆ జబ్బు లేదు, పేరు తెలియదు కనుక. నా బల్ల మీద అతను ప్లాస్టర్‌తో చేసిన రెండు గొట్టాల బొమ్మ పెట్టాడు. ఒక గొట్టం శుభ్రంగా, ఎర్రగా ఉంది. రెండోదాంట్లో పసుప్పచ్చగా కొవ్వు పేరుకుని సూది దూరేంత సందు మాత్రమే ఉంది. "గుండెకు పోయే నరం సార్" అన్నాడు. "ఇట్లాంటి కేసులు గుర్తుపట్టే డాక్టర్లు జిల్లాలో ఒకరో ఇద్దరో ఉంటారు. అందుకే ముందు మీ దగ్గరికే వచ్చాను." ఈ మాట ప్రతి ఊళ్లోనూ ప్రతి డాక్టరుతోనూ అంటాడని తెలియనంత అమాయకుణ్ని కాను. అయినా వినడానికి ఎంత హాయిగా ఉందో! హైదరాబాద్‌లో ఒక హోటల్లో భోజనం పెట్టి, తెర మీద గుండె కొట్టుకోవడం చూపించారు. పెద్ద పెద్ద ప్రొఫెసర్ల పక్కన నన్ను కూర్చోబెట్టారు. తిరుగు బస్సులో మెదక్ దాకా నా గుండె కొట్టుకోవడం నాకే వినబడింది.

ఆ మందులో నాకు నచ్చిన అసలు సంగతి ఇంకొకటి ఉంది. పదేళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. అది మిక్శ్చర్ కాదు. మెరిసే గోలీ. కలపక్కర్లేదు, పట్టీ అంటించక్కర్లేదు, కిటికీలోంచి పోనక్కర్లేదు. నా బల్ల సొరుగు తీసి, నా చేత్తో, నా రోగి చేతిలో పెట్టవచ్చు. మొదటిసారిగా కాంపౌండర్ సాబ్ లేకుండా నేను ఒక మందు ఇవ్వగలిగాను.

ఇంకా చోద్యం, ఆ రిప్రజెంటేటివ్ నా దగ్గర ఇరవై నిమిషాలు కూర్చుని ఆయన దగ్గర గంటసేపు కూర్చున్నాడు. హోటల్ తిండి తిని తిని కడుపులో మంటట. సంచినిండా బొంబాయి మందులు పెట్టుకుని, మా కాంపౌండర్ సాబ్ కలిపిన సోడా మిక్శ్చర్ తాగి పోయాడు. సీసాకు కింద అడ్డగీతతో సహా! వాడు ఇచ్చిన పెన్నును ఆయన సంతోషంగా చొక్కాకు పెట్టుకుని, "జర ఒక్కటి చెప్పుండ్రి. గీ కొత్త గోలీ మీ ఇంట్ల ఎవలన్న మింగుతున్నరా?" అని అడిగారు. వాడు నవ్వేసి సంచి సర్దుకున్నాడు. వాడు పోయాక ఆయన నాతో, "కొత్త మందు కొత్తల్లుడసొంటిది సాబ్. మొదటి పండుగకు మంచిగనే ఉంటడు. ఓ రెండేండ్లు గడవనియ్యాలె" అన్నారు. కుళ్లుతో అంటున్నారనుకున్నాను. నా లోపల ఉన్నదే ఎదుటివాళ్లలో కనబడుతుంది మరి.

ఊళ్లో ఏమైందంటే, కొలెస్ట్రాల్ గొప్పింటి జబ్బు అయి కూర్చుంది. నెయ్యి తినేవాళ్లకే వస్తుందని నేనే ఎక్కడో నోరు జారాను. ఏడుపాయల గుడికి పోయే దారిలో పొలాలున్న ఒక పటేల్ గారికి గోలీ ఇచ్చాను. ఆయన నలుగురిలో, "నాకు నెత్తుట్ల కొవ్వు ఉన్నదట, బొంబాయి గోలీ మింగుతున్న" అని చెప్పుకున్నాడు. వారం తిరగకుండా ఆయన దాయాది వచ్చి కుర్చీలో కూర్చుని, "ఆనికున్న కొవ్వు నాకు లేదా డాక్టర్ సాబ్? మా ఇంట్ల గూడ నెయ్యి తింటం" అని నిలదీశాడు. అసూయ నా ఒక్కడిదే కాదని కొంచెం ఊరట కలిగింది. నిజంగా రక్తం హైదరాబాద్ పంపి పరీక్ష చేయించింది ఒక్కరికే. ఆ ఒక్కరూ మా అమ్మ. అంకె ఎక్కువగా వచ్చింది. నాకు భయం వేసింది, దాంతో పాటు గర్వం కూడా వేసింది. అమ్మకు వచ్చిన ఒక జబ్బు కాంపౌండర్ సాబ్ కంటే ముందు నాకు తెలిసింది!

రోజూ పొద్దున పూజ కాగానే నేనే గోలీ తీసి అమ్మ చేతిలో పెట్టేవాణ్ని. నీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడేవాణ్ని. ఆమె మింగేదాకా కదిలేవాణ్ని కాదు. ఆ రెండు నిమిషాలు అమ్మ నాది.

ఏడెనిమిది నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున రోగులు నిండుగా ఉన్న సమయంలో కాంపౌండర్ సాబ్ నా గదిలోకి వచ్చారు. ఎప్పుడూ కిటికీలోంచి మాట్లాడే మనిషి లోపలికి రావడం అదే మొదలు. చేతులు తుడుచుకుంటూ నిలబడి, గొంతు తగ్గించి చెప్పారు.

"సాబ్, గా గోలీ మింగేటోళ్లల్ల ముగ్గురికి ఎంటికలు రాలుతున్నయి. పటేల్ సాబుకు పెయ్యంత పొలుసు లేస్తుంది. అక్కకు కండ్లు మసకలొస్తున్నయట. పొద్దుగాల ముగ్గు వెడుతుంటే చుక్కలు కలుస్తలేవన్నది. గోలీలతోటే అని నేనంటలేను. జర ఆపి చూద్దమా?"

మొదటి రెండు మాటలు నా చెవికి ఎక్కనే లేదు. మూడోది మాత్రం గుచ్చుకుంది. అది కూడా కళ్లు అన్నచోట కాదు. అక్క అన్నచోట. అమ్మ కళ్లు మసకలొస్తే ఆ మాట ఈయనకు చెప్పిందా? రోజూ ఎదురుగా నిలబడే నాకు చెప్పలేదా?

"మీ పని మిక్శ్చర్ కలపడం" అన్నాను. అందరూ వినేటట్టే అన్నాను. "అది చూసుకోండి."

"మంచిది సాబ్" అని ఆయన వెళ్లిపోయారు. ఆ రోజు రోగులెవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మధ్యాహ్నం ఇంటికి పోయి, "కళ్లకేమైంది?" అని అమ్మను గద్దించాను. "ఏం గాలేదు బిడ్డా, వయసు మీద వడ్డది గదా" అంది. నాకు అంతే చాలు. చూడండి, నా తల్లే చెప్పింది, వయసు అని! ఆయన చెప్పాడు కనుక ఆపకూడదు, అదొక్కటే ఆ రోజుల్లో నాకు తెలిసిన వైద్యం. పక్కన టార్చి ఉంది. కంటిలోకి వేసి చూడటానికి ఒక్క నిమిషం పట్టేది. వేయలేదు. ఇంకో నాలుగు నెలలు నా చేత్తో నేనే మింగించాను.

ఆ తర్వాత రిప్రజెంటేటివ్ మళ్లీ వచ్చాడు. ప్లాస్టర్ గొట్టాల బొమ్మను తనంతట తానే సంచిలో పెట్టుకున్నాడు. "ఆ గోలీలు మిగిలినవి ఉంటే ఇచ్చేయండి సార్, కంపెనీ వెనక్కి తీసుకుంటోంది" అన్నాడు. ఎందుకని అడిగితే, "బయటి దేశాల్లో ఏవో కళ్ల కంప్లయింట్లు వచ్చాయట, శుక్లాలని. మనదాకా రాలేదు లెండి" అంటూనే ఇంకో మందు కాగితం నా ముందు పరిచాడు. అందులో కూడా గుండె బొమ్మే ఉంది, ఈసారి నీలం రంగులో. వాడు ఏం చెప్పాడో నేను వినలేదు. ఇంట్లోకి పోయి అమ్మ గడ్డం పట్టుకుని టార్చి వేశాను. రెండు కళ్లలోనూ పాలపొర కనబడింది.

తిరిగి వచ్చి, మా ఇద్దరి మధ్య ఉన్న కిటికీ దగ్గర నిలబడ్డాను. ఆయన కత్తెరతో పట్టీకి గాట్లు పెడుతున్నారు. తల ఎత్తకుండానే, "అక్కకు ఆపిండ్రా?" అన్నారు.

"ఆపాను."

"మంచిగైంది సాబ్."

అంతే. "నేను చెప్పలేదా?" అని అనలేదు. ఆ రోజు కాదు, ఆ తర్వాత ఎన్నడూ అనలేదు. ఊళ్లో ఒక్కరికి చెప్పలేదు. రాలినవాళ్లకు జుట్టు తిరిగి వచ్చింది, పటేల్ గారి ఒంటి మీది పొలుసు తగ్గింది, ఆయన నన్ను పెద్ద డాక్టరనే అనుకుంటూ ఉన్నాడు. అమ్మకు హైదరాబాద్‌లో ఒక కంటికి ఆపరేషన్ చేయిస్తే చీము పట్టి ఆ కన్ను పోయింది. రెండో కంటిని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు వెలుతురు తెలుస్తుంది, మనిషి నీడ తెలుస్తుంది, అంతకు మించి తెలియదు. నేను చెప్పలేదా అని కాంపౌండర్ సాబ్ ఒక్కసారి అని ఉంటే నేను పోట్లాడేవాణ్ని, ఏడ్చేవాణ్ని, ఏదో ఒకటి తేలిపోయేది. ఆయన ఓర్చుకోవడం చూసి కూడా నేను ఓర్వలేకపోయాను. ఆదివారాలు చర్చి నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చి అమ్మ దగ్గర కూర్చునేవారు. ఊళ్లో ఎవరింట్లో ఏమైందో చెప్పి నవ్వించేవారు. ఆ నవ్వులు వింటూ నేను దవాఖానలో కూర్చునేవాణ్ని. పోయి కలవవచ్చు. నాకోసం ఎప్పుడూ ఒక కుర్చీ ఖాళీగానే వేసేవారు. పోలేదు.

బుధవారం ఆయన్ని మట్టి చేశారు. ఏడుపాయల దారిలోని పల్లెల నుంచి కూడా జనం వచ్చారు. నేను పోతే ఇందులో సగం మంది వస్తారా అని అక్కడ నిలబడి కూడా అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి. అమ్మ నా చెయ్యి పట్టుకుని వచ్చి, తడుముకుంటూ పిడికెడు మన్ను వేసింది. "పోయిరా తమ్మీ" అంది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఇంటి వసారాలో ఇద్దరమే కూర్చున్నాం. నాలో ఇన్నేళ్లుగా అడ్డంపడి ఉన్నది ఇక ఆగలేదు.

"అమ్మా, ఆ గోలీలు ఆపమని ఆయన నాకు ముందే చెప్పాడు. నేను వినలేదు. ఆయన చెప్పాడనే వినలేదు."

అమ్మ మెల్లగా అంది.

"నాకు గూడ చెప్పిండు కొడుకా. నీకు చెప్పకముందే చెప్పిండు. మింగకు అక్కా, కొంగుల ముడేసుకొనిపొయ్యి బాయిల వడెయ్యి, నేను సాబుకు మెల్లగ చెప్త అన్నడు."

"మరి ఎందుకు మింగావు? ఆయన ఏం చెప్పినా వినేదానివి కదా! ఎప్పుడూ నాకంటే ఆయన మాటే..."

"గట్లనుకున్నవా ఇన్నొద్దులు?" అమ్మ మొహం నా గొంతు వైపు తిప్పింది. "ఆయినకు రోగం చెప్పుకున్న. నీకు చెప్తె పరేషానైతవని చెప్పలే. నువ్వేమో పొద్దుగాలనే లేచి, నీళ్ల గిలాస వట్టుకొని నా ఎదురుంగ నిలవడుతుంటివి. చిన్నప్పటి నుంచి నా దగ్గర గంతసేపు ఎన్నడన్న నిలవడ్డవా? నువ్విచ్చిన గోలీ ఎట్ల ఉమ్ముత?"

పదిహేనేళ్లు ఆయన దగ్గర ఓడిపోతున్నానని కుళ్లుకున్నాను. ఓడిపోవాల్సిన ఆ ఒక్కచోట నేనే గెలిచాను.

లోపల గోడ గడియారం ఆరు కొట్టింది. అమ్మకు రక్తపోటు మందు వేసుకునే వేళ. లేచి సొరుగులోంచి గోలీ తీసి, గ్లాసులో నీళ్లు పోసి, ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాను. నా కాళ్ల చప్పుడు విని అమ్మ చెయ్యి చాచింది. ఏం గోలీ అని అడగలేదు.